నీలం రంగు ‘రా’

అయినా నన్ను అసంపూర్ణం అని ఎలా అన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను ఒక కాగితాన్ని. నాకు నాలుగు అంచులున్నాయి, నాలుగూ సరిగ్గానే తెగాయి. నా మీద ఒక నది ఉంది, నది మీద పొగమంచు, మంచులో సగం మునిగిన ఒక బల్లకట్టు. బల్లకట్టు మీద ఒకడు, అవతలి గట్టు మీద ఇంకొకడు. గట్టు మీదివాడి నోటి దగ్గర తోక పెట్టి ఒక తెల్లటి బుడగ గీసి ఉంది. ఆ బుడగలో చాలాకాలం మాట లేదు. అంతే. అరచేతిలో పట్టేంత ఆ తెల్లదనాన్ని చూసి నన్ను ముప్పై అయిదేళ్లు ‘సగంలో ఆగిపోయింది’ అన్నారు. మనుషులు తమలో ఎన్ని మాటలు ఆపుకుని తిరుగుతారో నేను చూశాను. వాళ్లను మాత్రం ఎవరూ అలా అనరు.

పుట్టుక గురించి చెప్పమంటే నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. గుజ్జుగా ఉన్నప్పటి సంగతులు ఎవరికి గుర్తుంటాయి? నా జ్ఞాపకం ఒక బొటనవేలితో మొదలవుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక స్టేషనరీ దుకాణం. ఇంకో ఇరవై పెద్ద షీట్ల మధ్య పడుకుని ఉన్నాను. ఒక మనిషి వచ్చి మమ్మల్ని ఒక్కొక్కదాన్నే నిమిరి చూస్తున్నాడు.

“ఏంటండీ మార్కండేయులుగారూ, డ్రాయింగు షీటు కొంటున్నారా, పట్టుచీర కొంటున్నారా?” అన్నాడు కొట్టాయన.

“చీరలు నేసిన ఇంట్లో పుట్టినవాణ్ణి. మంచిదేదో కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది,” అని ఆయన నన్ను బయటికి లాగాడు.

మంచిదాన్నని ఎంచుకుని నన్ను పట్టుకున్నవాడు ఆయనొక్కడే. తర్వాత ఎవరి చేతుల్లోకి వెళ్లినా ఇంకేదో అవసరానికే వెళ్లాను.

జొన్నాదుల మార్కండేయులుది మంగళగిరి. మగ్గం చెల్లెలు భ్రమరాంబ కాపురానికి వదిలేసి, తను సత్యనారాయణపురంలో టైలరు షాపు మీది గదిలో ఉంటూ ఒక వారపత్రికకు బొమ్మల సీరియల్ వేస్తున్నాడు. పేరు ‘అవతలి గట్టు’. కథ చిన్నదే. పెద్దిరాజు, చిట్టిరాజు అన్నదమ్ములు. వరదలో అన్న కొట్టుకుపోతుంటే తాడు పట్టుకున్న తమ్ముడు భయపడి వదిలేస్తాడు. ఆ తర్వాత బల్లకట్టు వేసుకుని రేవు రేవునా అన్న కోసం వెతుక్కుంటూ వెళ్తాడు. ఇరవై అయిదు వారాలు వెతికాడు. జనం ఆ పేజీలు చింపి, దాచి, దారంతో కుట్టించుకునేవాళ్లట. ఆఖరి భాగం ఇరవై ఆరోది. అది నేను. నా మీద తమ్ముడికి అన్న కనిపిస్తాడు. మంచులో, అవతలి గట్టు మీద, బతికే. ఒకటే పేజీ, ఒకటే బొమ్మ, ఒకటే బుడగ.

ఆ గదిలో పని జరిగే పద్ధతి చెప్పకపోతే నా కథ మీకు అందదు. బొమ్మలు మార్కండేయులువి, అక్షరాలు ఆయనవి కావు. ఆయన చేతిరాత కోడిగీతలు. అక్షరాలు రాయడానికి ప్రతి గురువారం మేకతోటి ఫ్రాన్సిస్ వచ్చేవాడు. బోర్డులు రాసేవాడు. బందరు రోడ్డులో చాలా దుకాణాల పేర్లు ఆయన చేతివే. మార్కండేయులు ముందుగా బుడగలు గీసి, ఒక్కో బుడగలో నీలం పెన్సిల్‌తో చిన్నగా ‘రా’ అని పెట్టేవాడు. రాయాలి అని గుర్తు. మాటలు విడిగా ఒక చీటీ మీద రాసి, గుండుసూదితో నా మూలకు గుచ్చేవాడు. ఫ్రాన్సిస్ చీటీ చూసి, ఆ నీలం మీదనే నల్ల సిరాతో అక్షరాలు దిద్దేవాడు. నీలాన్ని చెరపక్కర్లేదు. ప్రెస్సులో కెమెరాకు ఆ లేత నీలం కనపడదు. అచ్చులో నలుపే వస్తుంది.

కెమెరాకే కాదు, ఫ్రాన్సిస్‌కూ కనపడేది కాదనుకుంటాను. రోజూ చూసేదాన్ని కన్ను చూడ్డం మానేస్తుంది.

ఇద్దరికీ ముప్పై దాటాయి. ఒకరినొకరు ‘ఏరా’ అనే పిలుచుకునేవాళ్లు. బుడగ సైజు దగ్గర ప్రతి వారం గొడవే.

“ఇంకో అంగుళం పెంచరా బుడగ. ‘స్త్రీ’ అని రాశావు చీటీలో. ఆ ఒత్తులన్నీ ఎక్కడ పెట్టమంటావు, నా నెత్తి మీదా?”

“నీ నెత్తి మీద చాలా చోటుంది గదరా. పెట్టుకో.”

కింద కుట్టుమిషను ఆగేది. టైలరు కూడా నవ్వేవాడు.

పత్రికతో పేచీ నా ముందే నడిచింది. సీరియల్ మొదలైనప్పుడు మార్కండేయులు ఎడిటరు చేత ఒక ఉత్తరం రాయించుకున్నాడు. అచ్చు వేసుకునే హక్కే పత్రికది, కథా బొమ్మలూ గీసినవాడివి అని. ఆ రోజుల్లో అలా అడిగినవాడు లేడు. పెద్దమనిషి ఎడిటరు నవ్వి రాసిచ్చాడట. ఆయన పోయాడు. కొత్త మేనేజరు అచ్చేసిన ఫారం ఒకటి పంపాడు. పెద్దిరాజూ చిట్టిరాజూ నదీ మంచూ అన్నీ ఇకమీదట పత్రిక సొత్తు అని, కింద సంతకానికి గీత. మార్కండేయులు ఆ ఫారం వెనక చిట్టిరాజు మొహం గీసి తిప్పి పంపాడు. అంత గర్వం మనుషులకు ఎక్కడి నుంచి వస్తుందో తెలీదు. ఎంతకాలం నిలుస్తుందో మాత్రం చూశాను.

ఆ గురువారం గురించి చెప్పాలి.

పొద్దున్నే మార్కండేయులు బుడగ గీశాడు. ఎప్పటిలాగే మధ్యలో నీలంతో ‘రా’ అని పెట్టాడు. టీ తాగాడు. తర్వాత చాలాసేపు చీటీ ముందు కూర్చుని ఒక మాట రాశాడు, కొట్టేశాడు, కొత్త చీటీ తీశాడు. చివరికి ఒకటే మాట మిగిలింది. దాన్ని నా కుడి మూలకు గుచ్చి, సిరా కలిపే పళ్లెం తీసుకుని కింద కుళాయి దగ్గరికి వెళ్లాడు. అప్పుడు ఫ్రాన్సిస్ వచ్చాడు. చెప్పులు విప్పి, పెట్టె తెరిచి, నిబ్బు పుల్లకు ఎక్కించి, చీటీ చూశాడు.

చీటీలో ఉన్నది: ‘ఎందుకొచ్చావు’.

ఆయన మొహం మారడం నేను చూశాను. కాగితానికి మొహాలు బాగా తెలుస్తాయి, మా మీదికి వంగినంత దగ్గరగా మనుషులు ఇంకెవరి మీదికీ వంగరు. మార్కండేయులు మెట్లెక్కుతున్న చప్పుడైంది. ఫ్రాన్సిస్ చీటీని ఒక్క గుంజు గుంజాడు. అది చిరిగి, ఒక మూల ముక్క సూది కిందే ఉండిపోయింది. చీటీ జేబులోకి వెళ్లింది.

“నిబ్బు విరిగిందిరా. కొత్తది తెచ్చుకొస్తా,” అన్నాడు.

నిబ్బు విరగలేదు. నేను చూశాను. నిండుగా సిరా మోస్తూ, రెండు మొనలూ కలిసే ఉన్నాయి.

“త్వరగా రా. పేజీ నాలుగింటికి ఇవ్వాలి,” అన్నాడు మార్కండేయులు.

నాలుగయింది. పత్రికవాళ్లు మనిషిని పంపారు, ఖాళీ చేతులతో తిరిగి వెళ్లాడు. ఆ వారం ‘అనివార్య కారణాల వల్ల’ అని రెండు లైన్లు వేశారు. ఆ తర్వాత అదీ లేదు. నెల తిరక్కుండా ఫ్రాన్సిస్ అదే పత్రిక ఆఫీసులో పర్మినెంటు ఉద్యోగంలో చేరాడని టైలరు పైకొచ్చి చెప్పాడు. మార్కండేయులు గోడ వైపు చూస్తూ, “నిబ్బు కొనడానికి వెళ్లాడు. వస్తాడు,” అన్నాడు. టైలరు నవ్వాడు. ఆయనా నవ్వాడు. మొదట్లో అది హాస్యమే.

ఇంకొకరి చేత రాయించొచ్చు గదా అని ఎవరో ఒకరు అంటూనే ఉండేవారు. మాట ఆయనకు తెలుసు, రాసిందే ఆయన. ఇంకో చీటీ రాయడానికి అర నిమిషం పట్టదు. రాయలేదు. “అక్షరాలు వాడివి” అనేవాడు. ఈ పట్టుదలకు ఆత్మగౌరవం అని పేరు పెట్టుకున్నాడు. నా వరకు అది మంచం మీద పడుకుని లేవనని మారాం చేసే పిల్లవాడి పట్టు. ఎవరో వచ్చి లేపాలి. లేపాల్సినవాడు ఒక్కడే. వాడు రాలేదు.

ఆయన నెమ్మదిగా బొమ్మలు మానేశాడు. లారీల వెనక నెంబర్లు రాశాడు, అవీ కోడిగీతలే. తాగాడు. నన్ను బోర్డు నుంచి తీయలేదు. దుమ్ము తుడిచేవాడు, తర్వాత అదీ మానేశాడు. మూలనున్న గుండుసూది నా ఒంట్లోనే తుప్పుపట్టింది. ఆ గురువారం తర్వాత పదహారో ఏట లివరు చెడి ప్రభుత్వాసుపత్రి జనరల్ వార్డులో పోయాడు. గది ఖాళీ చేయడానికి వచ్చిన భ్రమరాంబ మిగతా పేజీలన్నీ మూట కట్టి మంగళగిరి పట్టుకెళ్లి మగ్గం గుంట పక్కన పెట్టింది. రెండు వానాకాలాల్లో చెదలు ఇరవై అయిదు వారాల కథనూ చదివి ముగించింది. నేను బతికింది నా బొమ్మ గొప్పతనం వల్ల కాదు. ఫోటో ఫ్రేములవాడు ఆయన ఫోటో వెనక పెట్టడానికి గట్టి అట్ట అడిగితే, చేతికి దొరికింది నేను.

పంతొమ్మిదేళ్లు ఆయన మొహం వెనక, గోడ వైపు తిరిగి ఉన్నాను. నా వీపుకు ఆయన వీపు. ఆ ఏళ్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు. సున్నం వాసన. సంవత్సరానికోసారి దండ మారుస్తున్న చప్పుడు.

ఒకరోజు ఫోటోకు అవతల ఒక ఆడపిల్ల గొంతు వినపడింది. గుంటూరులో పళ్ల డాక్టరట, పేరు మౌక్తిక. వాళ్ల అమ్మమ్మ ‘అవతలి గట్టు’ పేజీలన్నీ చింపి బైండు చేయించుకుందట. చివర ఒక తెల్ల కాగితం కూడా కుట్టించిందట, ఆఖరి భాగం వచ్చాక అంటించుకోవడానికి. ఆ పుస్తకం చదువుతూ పెరిగిన ఈ పిల్ల ఆ తెల్ల కాగితాన్నీ చదువుతూనే పెరిగింది.

“అసలు పేజీ ఒక్కటైనా మిగిలిందా మామ్మగారూ?” అంది భ్రమరాంబతో.

“ఎక్కడివే తల్లీ. అన్నీ చెదలు తిన్నాయి. ఆ ఫోటో వెనక ఏదో అట్ట ఉండాలి చూడు.”

నన్ను వెలుతురులోకి తీశారు. పిల్ల నన్ను కిటికీ దగ్గరికి పట్టుకెళ్లింది. తర్వాత వేలు నా బుడగ మీదికి తెచ్చి, తాకకుండా ఆపి, “రా... రా అంటున్నాడు. అన్న తమ్ముణ్ణి రమ్మంటున్నాడు,” అని ఏడ్చింది.

ఆ నీలాన్ని పాత కెమెరా చూడలేదు, కొత్త స్కానరు చూసింది. ఇక చెప్పేదేముంది! ఆన్‌లైన్‌లో చందాల పేజీ పెట్టారు, క్రౌడ్‌ఫండింగ్ అంటారట. మూతపడ్డ ఆ పత్రిక యజమానులు అడ్డుపడలేదు. ఎప్పటిదో ఆ ఉత్తరం ఎడిటరు సంతకంతో సహా భ్రమరాంబ ట్రంకులో దొరికింది. హక్కు మిగిలింది, మనిషి మిగల్లేదు. నన్ను చేతిలో పట్టుకుని మౌక్తిక వీడియోలు తీసింది. పదకొండు వందల నలభై ముగ్గురు చందా ఇచ్చారు. షార్జాలో క్రేన్ నడిపే ఒకతను, తాడు వదిలేసిన తమ్ముణ్ణి తానే అని రాశాడు. ‘రా’ అనే అక్షరం పోస్టర్ల మీదికి, స్టిక్కర్ల మీదికి, కాఫీ కప్పుల మీదికి ఎక్కింది. తప్పు చేసినవాణ్ణి కూడా అవతలి గట్టు ‘రా’ అంటుందన్నమాట. ఈ జనం ఒక పనిగుర్తు ముందు నిలబడి క్షమాపణ పొందుతున్నారు. నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్నో లేదో.

ఫ్రాన్సిస్ సంగతి మౌక్తికకు భ్రమరాంబ చెప్పింది. “అక్షరాలు వాడు రాసేవాడు. దినానికి కూడా రాలేదు వెధవ.”

ఆయన తాడేపల్లిలో ఒంటరిగా ఉంటున్నాడు. భార్య పోయింది. పత్రికా ఎప్పుడో మూతపడింది. నన్ను ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మౌక్తిక వెళ్లినప్పుడు గుమ్మంలోనే కూర్చుని బీరకాయ చెక్కు తీస్తున్నాడు. కత్తిపీట మీద చెయ్యి వణుకుతోంది. నన్ను చూసి, చూడనట్టు బీరకాయ వైపు చూశాడు.

మౌక్తిక గడగడా చెప్పుకుపోయింది. పాత పేజీల్లోని ఆయన అక్షరాలతోనే ఫాంటు తయారు చేయించారట. పుస్తకం మొత్తం సిద్ధమట. వచ్చే శుక్రవారం ప్రెస్సుకు వెళ్లాలట. “ఈ ఒక్క అక్షరం మాత్రం మీ చేత్తో ఉండాలి అంకుల్. ఒక్కటే. ‘రా’.”

“చెయ్యి వణుకుతుందమ్మా. ఆ ఫాంటేదో పెట్టేయండి.”

“వణికినా పర్లేదు అంకుల్. మా పేషెంట్లకు చెప్పినట్టు చెప్తున్నా, ఒక్క నిమిషం ఓర్చుకుంటే అయిపోతుంది.”

ఆయన నవ్వలేదు. ఆ పిల్ల నా మూల చూపించింది. “ఇక్కడ తుప్పుపట్టిన సూది ఉంది. కింద చిన్న కాగితం ముక్క. తీస్తే చిరుగుతుందేమోనని వదిలేశాం. ఏం ఉండేది ఇక్కడ?”

“ఏదో చీటీ అయ్యుంటుంది.”

మౌక్తిక లేచి హెల్మెట్ తీసుకుంది. వెళ్లేవాళ్లు గుమ్మం దగ్గర ఏదో ఒకటి అంటారు గదా, అలాగే అంది: “అవునూ అంకుల్, భ్రమరాంబగారు ఒకటి చెప్పారు. ఆయన ఆస్పత్రిలో ఆఖరి రెండ్రోజులూ ఎవరొచ్చినా ఒకటే అడిగేవారట. ‘వాడికి నిబ్బు దొరికిందా?’ అని. ఎవరికీ అర్థం కాలేదట. మీకేమైనా తెలుసా?”

కత్తిపీట మీద బీరకాయ రెండు ముక్కలైంది.

“దాన్ని ఇక్కడ వదిలి వెళ్లమ్మా,” అన్నాడు. “గురువారం రా.”

నన్ను బీరువా మీద పెట్టాడు. రెండు రోజులు నా వైపు చూడలేదు. మూడో రోజు తీసి బల్ల మీద పెట్టి, పైన టవలు కప్పాడు. నాలుగో రోజు టవలు తీశాడు. మనుషులు తమ తప్పు దగ్గరికి ఇలాగే వస్తారు, జ్వరం వచ్చిన పిల్లల నుదురు తాకినట్టు, తాకీ తాకకుండా.

నాతో మాట్లాడాడు. నాతో అనుకోలేదు, మార్కండేయులుతో అనుకున్నాడు.

“నన్ను మంగళవారం పిలిచాడ్రా మేనేజరు. మార్కండేయులు సంతకం పెట్టకపోతే ఇంకోణ్ణి పెట్టి వేయిస్తాం, అక్షరాలు నువ్వే రాయి, పర్మినెంటు చేస్తాం అన్నాడు. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. చూద్దామండీ అన్నా. అంతే అన్నా. గురువారం నీ చీటీ చూశా. ‘ఎందుకొచ్చావు’. నన్నేననుకున్నా. నీకు తెలిసిపోయిందనుకున్నా.”

కొంచెం ఆగి మళ్లీ అన్నాడు. “అన్న తమ్ముణ్ణి అలా అడుగుతాడా? ‘రా’ లేకుండా? నువ్వు నన్ను ఏనాడన్నా ‘రా’ లేకుండా పిలిచావా? పరాయివాణ్ణి అడిగినట్టుంది. అందుకే అది చిట్టిరాజుకు కాదు, నాకే రాశావనుకున్నా. మళ్లీ వస్తే నీ నోటితోనే అంటావని...” వాక్యం అక్కడే వదిలేశాడు. వదిలేయడం ఆయనకు అలవాటే.

చెప్పాలనుకున్నాను. మార్కండేయులుకేమీ తెలీదు, మంగళవారం సంగతి ఆయన చెవిన పడనేలేదు, పళ్లెం కడుక్కోవడానికి వెళ్లాడంతే. ఒక మనిషి కథలో మనిషికి రాసిన మాటను నువ్వు జేబులో పెట్టుకుని ముప్పై అయిదేళ్లు మోశావు. ఇది నేను చెప్పలేకపోయాను. కాని నిబ్బు మాట చెప్పింది. తెలిసినవాడు నిబ్బు దొరికిందా అని అడగడు.

నిబ్బుల రేకు డబ్బా తెచ్చాడు. అడుగున చీటీ ఉంది, మడతల్లో గోధుమరంగు తిరిగి, ఒక మూల లేకుండా. ఆ తెగిన మూల వంక చూసి ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆయన మనసులో ఏం మెదిలిందో నాకు వెంటనే తెలిసింది. మాట ‘ఎందుకొచ్చావు’ దగ్గర ఆగలేదేమో. చిరిగిన మూలలో ఇంకో అక్షరం ఉందేమో.

చాకు మొనతో, పళ్ల డాక్టరు కంటే జాగ్రత్తగా, సూది పీకాడు. తుప్పు పొడిగా రాలింది. నాకు బొక్క పడింది, ఫరవాలేదు. ముక్కను గోటి మీద పెట్టుకుని వెలుతురుకు పట్టాడు. తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు.

దాని మీద ఏమీ లేదు. నాకు ముందే తెలుసు, ముప్పై అయిదేళ్లు నాకు గుచ్చుకునే ఉంది గదా.

ఆ ముక్కను చీటీ తెగిన మూలకు ఆనించి పెట్టాడు. బయట ఎవరో గ్యాస్ బండకు కేకేశారు. ఇక తల తిప్పుకుందామన్నట్టు నా మీద నుంచి చూపు జరుపుతూ, బుడగ దగ్గర ఆగిపోయాడు. ఆ పిల్ల ‘రా’ అని చెప్పినప్పుడు కూడా చూడని నీలాన్ని అప్పుడు చూశాడు. వందల బుడగల్లో తాను సిరాతో కప్పేసిన అక్షరాన్ని మొదటిసారి చదివాడు. పెదవులు కదిలాయి. ఏమన్నాడో వినపడలేదు.

గురువారం పొద్దున మౌక్తిక వచ్చింది. ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. చీటీ ఆమె చేతిలో పెట్టాడు.

“ఇదేంటి అంకుల్?”

“ఆ బుడగలో రాయాల్సిన మాట. వాడి చేతిరాత.”

చదివింది. “మరి ‘రా’?”

“రాయాలి అని గుర్తు. నాకు. ప్రతి బుడగలో పెట్టేవాడు.”

ఆ పిల్ల కుర్చీలో కూర్చుంది. “కప్పుల మీద వేశాం అంకుల్. పదకొండు వందల మంది... ఒకాయన ఆ మాట చూసి పదేళ్ల తర్వాత వాళ్ల అన్నయ్యకు ఫోన్ చేశాడు.” చీటీ పైకెత్తింది. “ఇది మీ దగ్గర ఎప్పట్నుంచి ఉంది?”

“అప్పట్నుంచే.”

“మా అమ్మమ్మ పోయేదాకా ఎదురుచూసింది. ప్రతి వారం కొట్టుకెళ్లి అడిగేదట. మార్కండేయులుగారిని కూడా చంపేశారు మీరు.”

“అవునమ్మా,” అన్నాడు ఫ్రాన్సిస్.

ఇలాంటి చోట మనుషులు సాకు చెప్తారు. ఆయన దగ్గర మంచి సాకులే ఉన్నాయి, ఆ బల్ల మీద నేను విన్నవే. ఒక్కటీ తీయలేదు.

“ఇది వేస్తే పుస్తకం ఏమవుతుందో తెలుసా? వెతికి వెతికి వచ్చినవాణ్ణి ‘ఎందుకొచ్చావు’ అంటే... ఎవరికీ ఏమీ మిగలదు అంకుల్. చీటీ సంగతి మనిద్దరికే తెలుసు. ‘రా’ అనే ఉంచేద్దాం.”

“పుస్తకం మీది. మాట వాడిది,” అన్నాడు. “బొమ్మ మీద హక్కు ఎవరికీ ఇవ్వనందుకే గదా వాడు అలా పోయింది.”

డబ్బా తెరిచి పాత నిబ్బు తీశాడు. అదే నిబ్బు. రెండు మొనలూ కలిసే ఉన్నాయి. సిరాసీసా కొత్తది, మూత తిప్పడానికి చెయ్యి చాలలేదు. ఆ పిల్ల చూసి, కాసేపు కూర్చునే ఉండి, లేచి మూత తిప్పి పెట్టింది. అంతే చేసింది.

నేను ముసలిదాన్ని అయ్యాను. సిరా ఇప్పుడు నా మీద నిలవదు, పీల్చేసుకుంటాను, అంచులు చెదురుతాయి. ఆయన చెయ్యి వణుకుతూ దిగింది. బుడగ మధ్యలో నీలం అక్షరానికి పైన, ఎడమ నుంచి మొదలుపెట్టాడు. ‘ఎ’ వంకర పోయింది. ‘దు’ కొమ్ము వణికింది. ‘చ్చా’ దగ్గర ఆగాడు. కింద ‘చ’ ఒత్తు దిగాలి, దిగితే నీలం మీద పడుతుంది. బోర్డులు రాసినన్నాళ్ల అనుభవం ఆ వేళ్లలో ఎక్కడో ఉంది. ఒత్తును చిన్నగా చేసి, పక్కకు జరిపి, ‘రా’కు తగలకుండా దించాడు. చివరి ‘వు’ కూడా పడింది. చీటీలో ఉన్నదంతా అయిపోయింది.

నిబ్బు పైకి లేచింది. తుడిచి పెట్టెలో పెట్టాలి. పెట్టలేదు.

ఎందుకు ఆగాడో నాకు తెలుసు. ఆయన దృష్టిలో చీటీ ఒక సగం, నీలం ఇంకో సగం. ఆ రోజు పేజీ నిండా ఉన్న మాటలో తాను సగమే చదివి పారిపోయానని అనుకుంటున్నాడు. అది నిజం కాదు. నీలం పొద్దున పెట్టింది, చీటీ తర్వాత రాసింది. నీలం పెన్సిల్ నా మీద ఎప్పటి బరువుతోనే ఆనింది, ఎప్పటి వేగంతోనే లేచింది. అందులో పిలుపు లేదు, క్షమ లేదు, ఫ్రాన్సిస్ లేడు. మార్కండేయులు ఆ సమయంలో టీ గురించి ఆలోచిస్తున్నాడు. ఈ ఒక్క నిజం నాకు మాత్రమే తెలుసు, ఇక ఎవరికీ తెలియదు.

“అంకుల్,” అంది మౌక్తిక, గొంతు తగ్గించి. “కింద ఆ నీలం స్కానులో కనపడుతుంది. తీసేయనా?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. నిబ్బును మళ్లీ సిరాలో ముంచి, సీసా అంచుకు ఒకసారి తాకించి, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. నీలం గీత మీదికి నల్ల మొన దించాడు. ఆ అక్షరానికి ఒత్తు లేదు, కొమ్ము లేదు, ఉన్నది ఒక్క దీర్ఘమే. దాన్ని నెమ్మదిగా, చివరిదాకా లాగాడు.